స్పీకర్ల సమీక్షకు ముందు గ్రాఫు

హోమ్ థియేటర్ స్పీకర్ల సమీక్షలు పత్రికల్లో ఎన్ని చదివినా, ప్రతి జతనూ మధురమనీ గంభీరమనీ పొగడడమే తప్ప ఏది కొనాలో తేలదు. అందుకని నేను ముందుగా, స్పీకరు ఏ స్థాయి స్వరాన్ని (హెర్ట్జ్‌లలో) ఎంత బిగ్గరగా (డెసిబెల్స్‌లో) పలికిస్తుందో చూపే కొలతల గ్రాఫు తీసి, 100 నుంచి 10,000 హెర్ట్జ్ వరకు గీత 3 డెసిబెల్స్‌కు మించి పైకీ కిందికీ పోకుండా ఉందా, 30 డిగ్రీల పక్కనుంచి కొలిచిన గీత ఎక్కడా గుంట పడకుండా మెల్లగా దిగుతోందా అని చూస్తున్నాను. నిలువు స్కేలును కూడా గమనించాలి. దాన్ని 100 డెసిబెల్స్ పరిధికి సాగదీస్తే ఎగుడుదిగుడు గీత కూడా చదునుగానే కనిపిస్తుంది (ప్రచార పత్రాల్లో ఇది మామూలే), 50 అయితే లోపాలు బయటపడతాయి. ఇలా రెండు మూడు జతలు మిగిలాకే సమీక్షలు తెరుస్తాను. అయితే సుమారు 200 హెర్ట్జ్‌కు దిగువన గది ప్రభావమే ఎక్కువ కాబట్టి, బాస్ విషయంలో గ్రాఫును నమ్మకుండా, స్పీకర్లను పెట్టబోయే గదిలోనే విని తేల్చుకోవాలి.