అవ్వ బతుకును రాసిపెట్టుకోవడం ఎట్లా

మా అవ్వ పోయి ఏడాదిన్నర అయింది. చంద్రగిరి పక్కన ఒక పల్లెలో పుట్టి, రెండు మైళ్ల అవతల ఇంకో పల్లెకు కోడలిగా పోయి, తొంభై దాటేదాకా అక్కడే బతికి అక్కడే కన్నుమూసింది. ఆమె గురించి చిన్న పుస్తకం వేసి సంవత్సరీకానికి పంచాం. ఆ పని చేస్తూ నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే మీ ఇంట్లో ఇప్పటికీ ఒక అవ్వో జేజో ఉంటే ఇది ఈ వారమే మొదలుపెట్టాల్సిన పని, వాళ్లు పోయాక సగం కూడా దొరకదు.

మొదటి సంగతి: ఎదురుగా ఫోన్ పెట్టి "నీ జీవితం గురించి చెప్పవ్వా" అని అడగొద్దు. నేను అట్లానే అడిగాను. "ఏముంది నాయనా చెప్పేదానికి, కష్టపడినాం, బతికినాం" అని లేచి దొడ్లోకి పోయింది. నెల తర్వాత సంక్రాంతి ముందు పితికిపప్పుకని రాత్రి నానబెట్టిన అనపగింజల గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంటే నేనూ పక్కన కూర్చున్నాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజను ఒక్క నొక్కు నొక్కితే పప్పు జారి గిన్నెలో పడేది, తొక్క వేళ్ల మధ్యే ఉండేది. నేను ఒకటి పితికేలోగా ఆమె నాలుగు పితికేది, కళ్లు గిన్నె మీద కూడా ఉండేవి కావు. ఆ గంటన్నరలో అత్తగారింట్లో మొదటి సంక్రాంతికి ఎంతమందికి వండిందో, ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావి దగ్గర ఎద్దు కాలు విరిగితే మా తాత రెండు రోజులు అన్నం ముట్టనిదీ, అన్నీ తనే చెప్పింది. చేతికి పని ఉంటే నోరు దానంతట అదే కదులుతుంది. చింతపండు గింజ తీసేటప్పుడు, శెనక్కాయలు ఒలిచేటప్పుడు, పూలు కట్టేటప్పుడు పక్కన కూర్చోండి, మీ చేతులకూ ఆ పనే పెట్టండి.

తేదీల కోసం టెన్షన్ పడొద్దు. ఆధార్‌లో మా అవ్వ పుట్టిన రోజు జనవరి 1 అని ఉంది, ఆ వయసు వాళ్లలో చాలామందికి అంతే, దాన్ని నమ్మి లాభం లేదు. ఆమె మాత్రం ఆంగీరసలో పుట్టానని గట్టిగా చెప్పేది. తెలుగు సంవత్సరాలు అరవై, 1927 ఉగాదికి ప్రభవ మొదలైంది, అక్కడి నుంచి వేళ్ల మీద లెక్కేస్తే ఆంగీరస 1932 అవుతుంది (ఉగాది నుంచి ఉగాదికి కాబట్టి 1933 మొదటి నెలలు కూడా అందులోకే వస్తాయి). ఇట్లా వచ్చినదాన్ని ఊళ్లో అందరికీ తెలిసిన సంగతులతో సరిచూడండి. "కొండకు బస్సు పోయేటప్పటికి నేనింకా పెద్దమనిషి కాలేదు" అంది, తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు పడింది 1944లో, అంటే అప్పటికి పదకొండు పన్నెండేళ్లు, సరిపోయింది. గాంధీ పోయిన ఏడాది ఎండాకాలంలో పెళ్లి, అంటే 1948. పెద్దమామ పుట్టింది ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు, అంటే 1953. మా అమ్మ పుట్టింది అణాలు పోయి నయాపైసలు వచ్చాక, అంటే 1957 తర్వాత. అవ్వ వాళ్ల చిన్నత్త ఊరు తిరుత్తణి వైపు, 1960లో అది మద్రాసు రాష్ట్రంలోకి పోతే "మా అత్త అరవదైపోయింది" అని నవ్వేది. మీ ఊళ్లో అయితే చెరువు నిండి మొరవ పారిన ఏడు, కరెంటు వచ్చిన ఏడు, ఏ జాతరకు ఎవరు వేషం కట్టారు, ఇవి అడగండి, "ఏ సంవత్సరం?" అని కాదు.

ఇదంతా కలిపి చూస్తే నాకు ఒకటి అర్థమైంది. పెళ్లితో రెండు మైళ్లు జరిగిందే తప్ప ఆమె వీధి మారలేదు, వాకిలి మారలేదు, అడ్రసు మాత్రం మారుతూ పోయింది: మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టింది, ఆంధ్ర రాష్ట్రంలో బిడ్డను కనింది, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్, 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లా కాస్తా తిరుపతి జిల్లా అయింది. పుస్తకం మొదటి పేజీలో ఇదే పెట్టాం.

కాగితాల్లో వెతికితే మగవాళ్లు దొరుకుతారు, ఆడవాళ్లు దొరకరు. పట్టా తాత పేరు మీద, ఓటరు లిస్టులో ఆమె "ఫలానావారి భార్య". నాకు నిజంగా బాధేసింది. అందుకని ట్రంకు పెట్టె, అటక, గిన్నెలు చూడండి. పెళ్లిలో వచ్చిన ఇత్తడి బిందె మీద, స్టీలు గిన్నెల అంచున పేరు, ఒక్కోసారి ఊరు, తేదీ కూడా కొట్టించి ఉంటారు. చదివింపుల పుస్తకం ఉంటే అది బంగారం, ఎవరు ఏ ఊరి నుంచి వచ్చి ఎంత చదివించారో అంతా ఉంటుంది, అందులోని పేర్లు ఒక్కొక్కటే చదివి వినిపిస్తే అవ్వ ఒక్కొక్కరి కథ చెబుతుంది. పాత దస్తావేజులో చెక్కుబంది (హద్దులు) చదవండి, తూర్పున ఎవరి కయ్య (మడి), పడమర ఏ వంక అని రాసి ఉంటుంది కదా, ఆ కాలంలో పక్కన ఎవరున్నారో తెలుస్తుంది.

నడవగలిగితే ఆమెను పుట్టింటి ఊరికి తీసుకుపోండి, ఒక్క పూట చాలు. ఇంట్లో గుర్తురానివి అక్కడ చింతచెట్టు కింద నిలబడగానే వస్తాయి.

పిల్లల సంగతి అడిగేటప్పుడు "ఎంతమంది బిడ్డలు?" అనొద్దు, "ఎన్ని కాన్పులు?" అనండి. మా అవ్వకు ఐదుగురని మేమంతా అనుకున్నాం. కాన్పులు ఎనిమిది. పోయిన ముగ్గురిలో ఇద్దరికి పేర్లు కూడా పెట్టారట, చెబుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు రికార్డింగ్ ఆపేశాను. తర్వాత రాయొచ్చా అని అడిగి, ఆమె ఊఁ అన్నాకే ఆ పేర్లు రాశాను. ఆస్తి తగాదాలు, అత్తాకోడళ్ల మాటలు కూడా అంతే, ఆమె వద్దంటే వద్దు.

రికార్డింగ్ గురించి రెండు ముక్కలు: ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, ఫ్యాన్ ఆపండి, అరగంటకో ఫైలు చేసి అదే రాత్రి డ్రైవ్‌లో ఎక్కించి ఇంకొకరికి కూడా పంపండి. పాత ఫొటోలు ఒరిజినల్ ఎవరికీ ఇవ్వొద్దు. బాగు చేయిస్తామని ఒక స్టూడియోకి ఇస్తే అవ్వా తాతా పెళ్లినాటి ఒకే ఒక్క ఫొటో పోగొట్టారు, ఈ రోజుకీ గుర్తొస్తే కడుపులో దేవినట్టుంటుంది. కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా మీరే తీసుకోండి, వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి, క్వాలిటీ తగ్గదు. ఫొటోలో ఎవరెవరో వెనకాల పెన్సిల్‌తో రాయండి.

రాసేటప్పుడు ఆమె మాట మార్చొద్దు. "ఆ పొద్దు", "యాడికి", "ఉండాది" అన్నది అట్లానే ఉంచండి. "ఆమె దయామయి, త్యాగమూర్తి" లాంటివి కొట్టేయండి, అవి ఏ అవ్వకైనా సరిపోతాయి. వానాకాలం మధ్యాహ్నం బస్సు తప్పిపోయిన వాళ్లను పిలిచి సంగటి ముద్ద పెట్టేదని రాయండి, చాలు. పేజీలు 4తో భాగించేలా చూసుకుంటే మధ్యలో పిన్ను కొట్టే పుస్తకం తేలిగ్గా అవుతుంది, మాది 24 పేజీలు.

చివర రెండు పేజీలు ఖాళీగా వదలండి, పంచే రోజు పెన్ను కూడా పెట్టండి. మా ఇంట్లో సంవత్సరీకం నాడు వెనక వీధి ముసలామె ఒకావిడ వచ్చి, తనకు రాయడం రాదని నా చేత రాయించింది: ఆమె పుట్టిన నెలలో వాళ్లమ్మకు జ్వరమొస్తే, ఇరవై రోజులు మా అవ్వే తన బిడ్డతో పాటు ఆమెకూ పాలిచ్చిందట. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు.