ఇంట్లో పాత సామాను ఇంకో పదేళ్లు నడవాలంటే

పాత ఫ్యాను రిపేరికి తీసుకెళ్తే షాపాయన ముందుగా అనే మాట ఒకటే: "దీనికెందుకు సార్ పైసలు, కొత్తది తీస్కోండి." చాలాసార్లు ఆ మాట పట్టించుకోనక్కర్లేదు. ముప్పై ఏళ్ల కింద కొన్న ఫ్యాను, ఇనుప కూలరు, నల్ల కుట్టు మిషను ఇంకా నడుస్తున్నాయంటే వాటిలో మహత్యమేమీ లేదు, స్క్రూలు విప్పితే తెరుచుకుంటాయి, అరిగేది చవక ముక్క, అది బజార్లో దొరుకుతుంది, అంతే. (అప్పట్లో కొన్నవన్నీ గట్టివే అని కూడా అనుకోవద్దు. ఖరాబైనవి ఎప్పుడో పాత సామాను బండికి పోయాయి, మిగిలినవే మనకు కనిపిస్తున్నాయి.) ఫ్యానుకు కెపాసిటర్, మిక్సీకి కప్లర్, కుక్కర్‌కు గ్యాస్కెట్, కూలర్‌కు గడ్డి. వీటిని టైముకు మార్చకపోతే ఆ దెబ్బ మోటరు మీద పడుతుంది, అప్పుడు షాపాయన మాటే నిజమవుతుంది.

ఏది విప్పినా ముందు ప్లగ్గు పీకేయండి. ఫ్యానులాంటి వాటికి ప్లగ్గు ఉండదు కాబట్టి మెయిన్ ఆఫ్ చేసి టెస్టర్ పెట్టి చూడండి, గోడ మీద స్విచ్ ఆపితే చాలదు, పాత ఇళ్లలో స్విచ్‌ను ఫేజుకు కాకుండా న్యూట్రల్‌కు కలిపి వదిలేసినవి చాలా ఉంటాయి, అలాంటిచోట స్విచ్ ఆపినా ఫ్యాను వైర్లలో కరెంటు ఉంటుంది. విప్పే ముందు ఫోన్లో ఒక ఫోటో తీసుకోండి, ఏ వైరు ఎక్కడిదో తర్వాత టెన్షన్ ఉండదు.

ఫ్యానుతో మొదలుపెడదాం. నంబర్ ఐదు మీద పెట్టినా మెల్లగా తిరుగుతోందంటే, లేదా స్విచ్ వేస్తే మూలుగుతూ నిలబడిపోయి కర్రతో రెక్కను కాస్త తోస్తే అందుకుంటోందంటే, పదికి తొమ్మిదిసార్లు కెపాసిటరే. రాడ్డుకు కింద గానీ పైన గానీ ఉండే గిన్నె మూత దించితే రెండు వైర్లతో చిన్న డబ్బా కనిపిస్తుంది. దాని మీద 2.5 ఎంఎఫ్‌డీ అనో 3.15 అనో రాసి ఉంటుంది, అదే నంబరుది తెచ్చుకోండి. స్పీడు పెరుగుతుందని కొందరు ఎక్కువ నంబరుది వేస్తారు, స్పీడు సంగతి ఏమో గానీ వైండింగ్, అంటే మోటరు లోపల చుట్టిన వైరు, వేడెక్కి ఒక ఎండాకాలంలో మాడిపోతుంది. పాతది తీసేముందు ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్ కొనతో దాని రెండు కొనలను కలిపి ముట్టించండి, లోపల కరెంటు మిగిలి ఉంటే పోతుంది. కొత్తది వంద రూపాయల లోపే.

కరెంటు లేనప్పుడు రెక్కను చేత్తో తిప్పి చూడండి. చప్పుడు లేకుండా తిరిగి దానంతట అదే మెల్లగా ఆగాలి. గరగరమన్నా, పట్టేసినట్టు ఆగినా బేరింగులు పోయాయని అర్థం. ఇక్కడ చాలామంది చేసేది నూనె పోయడం. మూసి ఉన్న బేరింగుల్లో గ్రీజు ఉంటుంది, మీరు పోసిన నూనె దాన్ని కరిగించి బయటికి తెస్తుంది, దానికి దుమ్ము అంటుకుంటుంది, కొన్నాళ్లు చప్పుడు తగ్గి తర్వాత ఇంకా పెద్దగా వస్తుంది. బేరింగు మార్చడమే దారి. నంబరు దాని రింగు మీదే ఉంటుంది, 6201, 6202 అనేవి మామూలుగా కనిపించేవి. పాతది జేబులో వేసుకుని వెళ్తే షాపులో వాదన ఉండదు.

ఫ్యాను ఊగుతోందంటే రెక్కల స్క్రూలు బిగించి చూడండి, వంగిన రెక్క ఉంటే సరిచేయండి, కానీ ఒక ఫ్యాను రెక్కలు ఇంకోదానికి వేయకండి, మూడూ ఒక జతగా తూకం చూసి వచ్చినవి. నిచ్చెన ఎక్కినప్పుడే ఇంకోటి చూడాలి, అసలు మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే: పైన హుక్కు దగ్గర రాడ్డును పట్టుకున్న బోల్టుకు ఒక స్ప్లిట్ పిన్ను ఉంటుంది, దాని కింద రబ్బరు ఉంటుంది. రబ్బరు పగిలినా, పిన్ను లేకపోయినా ఆ ఫ్యాను కింద ఎవరూ పడుకోవద్దు.

కూలరు. మన దగ్గర ఎండలు 45 దాకా పోతాయి, ఏసీ లేని ఇంట్లో ఇనుప కూలరే దిక్కు. శివరాత్రికి చలి శివశివా అని పోగానే దాన్ని బయటికి తీయండి, ఏప్రిల్‌లో తీస్తే మెకానిక్ దొరకడు. పాత గడ్డి పీకి పారేయండి, పోయినేటి గడ్డి గట్టిపడి, తెల్లగా ఉప్పు పట్టి, గాలి ఆడనివ్వదు, నీళ్లు పోసినా ఒక పక్కే తడుస్తుంది. కొత్త గడ్డికి పెద్ద ఖర్చు కాదు.

తర్వాత ట్యాంకు. అడుగున జంగు పట్టిన చోట గీకి, సాండ్‌పేపర్ కొట్టి, దుమ్ము తుడిచి రెడ్ ఆక్సైడ్ వేయండి, అది ఎండాక లోపలి పక్క తారు రంగు, అంటే బిట్యూమెన్ నల్ల పెయింట్, రెండుసార్లు వేయండి. రెండు రోజులు ఎండలో పెట్టి అప్పుడే నీళ్లు పోయాలి. చిల్లులు పడితే రంగుతో ఆగవు, వెల్డింగ్ షాపులో రేకు ముక్క అతికించాలి, పలచని రేకు కాబట్టి కొత్తగా నేర్చుకుంటున్న పిల్లోడికి ఇస్తే ఒక చిల్లికి నాలుగవుతాయి.

నల్లగొండ, పాలమూరు బోరు నీళ్ల సంగతి వేరే చెప్పాలి. కూలర్లో నీరు ఆవిరైపోతుంది, దానిలో కరిగిన సున్నం, ఉప్పులు మాత్రం ట్యాంకులోనే ఉంటాయి. మీరు పైన పైన నీళ్లు పోస్తూ పోతే రోజురోజుకు ఆ నీళ్లు చిక్కబడతాయి, పంపుకు, పైపు చిల్లులకు, గడ్డికి తెల్లటి పొర కడుతుంది. అందుకే రెండు మూడు రోజులకోసారి అడుగు బిరడా తీసి మొత్తం వదిలేయండి. భగీరథ నల్లా నీళ్లు వస్తుంటే అవి పోయడం బోరు నీళ్ల కంటే మేలు. పంపు మెల్లగా పోస్తుంటే తీసి, కింది జాలి మూత విప్పి, వేడి నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి ఆ మూతనూ చిన్న రెక్కల చక్రాన్నీ గంటసేపు నానేయండి, వైరు ఉన్న మోటరు భాగాన్ని ముంచకుండా బ్రష్షుతో రుద్దండి. పంపు నీళ్లు లేకుండా ఉత్తగా తిరిగితే తొందరగా కాలిపోతుంది, ట్యాంకు అడుగంటేదాకా చూడొద్దు. ఇంకో మాట, ఈ తెల్ల పొర చూసి ఫ్లోరైడ్ అనుకునేవాళ్లున్నారు. కాదు, అది కాల్షియం, మెగ్నీషియం. ఫ్లోరైడ్ కంటికి కనిపించదు, నీళ్లు మరిగించినా పోదు, దాన్ని తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది, దానికి పేరే నల్లగొండ టెక్నిక్.

షాక్ విషయంలో మాత్రం కూలర్‌ను నమ్మవద్దు. ఇనుప బాడీ, నీళ్లు, తడి చేతులు, ప్రతి ఎండాకాలం ఎవరో ఒకరు పోయారని పేపర్లో చదువుతూనే ఉంటాం. మూడు పిన్నుల ప్లగ్గు ఉంటే సరిపోదు, లోపల పచ్చ వైరు బాడీకి బోల్టుతో బిగించి ఉందా, గోడ సాకెట్‌లో ఎర్తింగ్ నిజంగా ఉందా అని ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్, పెట్టించడం కూలర్ రేటు ముందు లెక్కలోది కాదు. నీళ్లు పోసేటప్పుడు ప్లగ్గు పీకి పోయండి, స్విచ్ ఆపి కాదు.

వానలు పడ్డాక నీళ్లు వదిలి, గడ్డి తీసేసి, ఎండలో పెట్టి, అప్పుడు మూలన పెట్టండి. తడి గడ్డితో సహా బరకం కప్పి దాచిన కూలరు వచ్చే ఏడాదికి జల్లెడవుతుంది.

మిక్సీ గురించి తక్కువే చెప్తాను. మోటరు తిరుగుతుంది, జారు తిరగదు, అంటే మోటరును జారుకు కలిపే కప్లర్ పళ్లు అరిగాయి. అది ప్లాస్టిక్‌దో రబ్బరుదో కావడమే మంచిది, జారు బిగుసుకుపోయినప్పుడు అది తెగి మోటరును కాపాడుతుంది. విప్పేటప్పుడు చాలా మిక్సీల్లో మామూలు స్క్రూకు ఉల్టా, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది, తెలియక అటు తిప్పకుండా బలం పెడితే ఇంకా బిగుస్తుంది. ఒక్కసారిగా ఆగిపోతే అడుగున ఎర్ర బటన్ ఉంటుంది, చల్లారాక నొక్కండి. లోపల నిప్పురవ్వలు ఎక్కువగా కనిపించి కాలిన వాసన వస్తే కార్బన్ బ్రష్షులు చూడాలి, మార్చితే రెండూ కలిపి మార్చాలి. చట్నీలో నల్లటి జిడ్డు కనిపిస్తే జారు అడుగున బుష్ పోయింది, బుష్ మార్పించండి, జారు పారేయకండి. పసుపు కొమ్ములు, ఎండుమిర్చి, జొన్నలు మాత్రం గిర్నీకి పంపండి. పాత మిక్సీలు ఎక్కువగా మాడేది పచ్చళ్ల సీజన్‌లో కారం పట్టినప్పుడే.

కుక్కర్‌కు గ్యాస్కెట్ సాగినప్పుడు, పగుళ్లిచ్చినప్పుడు మార్చాలి, విజిల్ కింది గొట్టంలో మెతుకు ఇరుక్కుందేమో ప్రతిసారీ ఊది చూడాలి. సేఫ్టీ వాల్వులో వేడికి కరిగే లోహం ఉంటుంది, నీళ్లు ఇంకిపోతే అది కరిగి ఆవిరి పోనిస్తుంది. అది పోతే అదే కంపెనీది వేయండి, అక్కడ ఏదో బోల్టు బిగించి ఇచ్చే మెకానిక్ దగ్గరికి రెండోసారి వెళ్లకండి. అడుగు ఉబ్బిన కుక్కర్‌కు ఏ రిపేరీ లేదు.

కుట్టు మిషను దాదాపు చావు లేని వస్తువు. పలచటి మిషను నూనె, పై చిల్లుల్లో ఒక్కో చుక్క, తర్వాత పాత గుడ్డ మీద కాసేపు ఉత్తగా నడిపితే మిగిలింది అది పీల్చుకుంటుంది. కొబ్బరి నూనె పోస్తే చలికాలం గడ్డకట్టి, ఆ తర్వాత జిగురై మొత్తం పట్టేస్తుంది. బాబిన్ కింద, పళ్ల మధ్య ఇరుక్కున్న దారం పీచు తీయండి. తోలు పట్టా వదులైతే కొత్తది కొనక్కర్లేదు, కాస్త కత్తిరించి క్లిప్పు మళ్లీ బిగించుకోవచ్చు.

పాత ట్రాన్సిస్టర్ రేడియో ఉంటే వాడనప్పుడు సెల్స్ తీసి పెట్టండి, అవి కారితే స్ప్రింగులు పచ్చగా తుప్పు పడతాయి, అప్పుడు సాండ్‌పేపర్‌తో రుద్దాలి. వాల్యూమ్ తిప్పితే గరగరమంటుందా, ఆఫ్ చేసి ఆ మర్రను అటూ ఇటూ బాగా తిప్పండి, లోపలి దుమ్ము చాలావరకు పోతుంది. ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం మీడియం వేవ్ 738 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది, గుయ్ మంటుంటే రేడియోను మెల్లగా పక్కకు తిప్పి చూడండి, లోపలి యాంటెన్నా కడ్డీకి దిక్కు ఉంటుంది. దగ్గర్లో ఫోన్ ఛార్జర్, ఎల్ఈడీ బల్బు ఉంటే ఆపి చూడండి, సగం గోల వాటిదే.

ఫ్రిజ్‌కు తలుపు రబ్బరు ముఖ్యం. కాగితం పెట్టి తలుపు వేసి లాగండి, సులువుగా వచ్చేస్తే చల్లదనం అక్కడి నుంచే పోతోంది. వెనక జాలీ మీద దుమ్ము దులపండి. ఇళ్లు, వ్యవసాయ మోటర్లు ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్న ఊళ్లలో నాట్లప్పుడు వోల్టేజ్ పడిపోతుంది, ఆ లో వోల్టేజ్‌లో కంప్రెసర్ ఎత్తుకోలేక వేడెక్కి మాడుతుంది, కాబట్టి స్టెబిలైజర్ ఉండాలి. కరెంటు పోయి వస్తే మూడు నిమిషాలు ఆగి వేయండి.

ఇదే బోరు మోటర్ల వల్ల మనకో లాభం కూడా ఉంది. మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల, కల్వకుర్తి, ఎక్కడికి పోయినా వైండింగ్ షాపులు ఉంటాయి, పెద్ద మోటర్లు చుట్టే చేతులకు ఫ్యాను, కూలరు మోటరు ఒక లెక్క కాదు. ఇచ్చేముందు "అన్నా, రాగి వైరేనా" అని అడగండి, అల్యూమినియం చుట్టి రాగి రేటు తీసుకునేవాళ్లూ ఉన్నారు. చిన్న చిన్న ఎలక్ట్రానిక్ ముక్కలు ఇక్కడ దొరక్కపోతే హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీకి, బేరింగులు, బుష్‌లు అయితే సికింద్రాబాద్ రాణిగంజ్‌కు పోవాలి.

కొన్నింటిని వదిలేయాలి. పాత డబ్బా టీవీ, మైక్రోవేవ్ ఇంట్లో విప్పకండి, ప్లగ్గు పీకాక కూడా లోపల ప్రాణం తీసేంత కరెంటు ఉంటుంది. గ్యాస్ పైపును ఐదేళ్లకు మించి వాడకండి, పైకి బాగున్నా సరే. పదే పదే గ్యాస్ పోతున్న ఫ్రిజ్‌ను సాగనంపండి, అందులోనూ బాగా పాతవాటిలో ఉండే సీఎఫ్‌సీ గ్యాసు తయారీ, వాడకం మన దేశంలో 2010 నాటికే ఆగిపోయాయి. ఫ్యాను విషయంలో నా లెక్క ఇది: పాతది 75 వాట్లు, తక్కువ కరెంటు తాగే కొత్త రకం బీఎల్‌డీసీ మోటరుది 30 వాట్ల చుట్టూ, రోజుకు 12 గంటలు తిరిగితే తేడా అర యూనిట్ పైనే, అంటే 200 రోజులకు వంద యూనిట్లు దాటుతుంది. రాత్రంతా తిరిగే గదిలో కొత్తది పెట్టి, పాతదాన్ని ఎప్పుడో ఒకసారి కూర్చునే వరండాకు మార్చండి. ఇక ఏ రిపేరీకీ లొంగని ఫ్యానును పాత సామాను ఆయనకు ఇనుము కింద తూకం వేయకండి, విప్పి లోపలి రాగి వేరుగా తూయించండి, వైండింగ్ షాపులో చుట్టించినప్పుడు కూడా పాత వైరు మీదే, అడిగి తెచ్చుకోండి.