పాత ఓమ్ని వ్యానుకు తుప్పు: నివారణ, మరమ్మతు

విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల ఉప్పుగాలిలో తిరిగే పాత మారుతీ ఓమ్నికి తుప్పు సాధారణంగా కంటికి ఆనని చోట్ల, అంటే జారుడు తలుపు కింది పట్టాలో, ఫ్లోరు మ్యాట్ల అడుగున మొదలవుతుంది. తలుపుల అడుగు అంచున ఉండే నీరు కారే రంధ్రాలు మట్టితో పూడుకుపోతే నీరు లోపలే నిలుస్తుంది కనుక, వానాకాలానికి ముందే వాటిని సన్నని పుల్లతో శుభ్రం చేయాలి.

పెయింటు పొక్కులా ఉబ్బిన చోట స్క్రూడ్రైవరు మొనతో నొక్కి చూడాలి. రేకు గట్టిగా ఉంటే వైరు బ్రష్షుతోనూ, 80 నంబరు ఎమరీ కాగితంతోనూ మెరిసే లోహం కనిపించేదాకా రుద్ది, థిన్నరుతో తుడిచి, ఆరాక అదే రోజు ఎపాక్సీ ప్రైమరు వేయాలి. పుట్టీ, రంగు ఆ తర్వాతే. మొన లోపలికి దిగిపోతే మాత్రం ఆ భాగాన్ని కోయించి కొత్త రేకు వెల్డింగు చేయించాల్సిందే. మెకానిక్ ఎంత భరోసా ఇచ్చినా, రంధ్రం మీద మెత్తిన పుట్టీ ఒక్క వానాకాలం ముచ్చటే. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పించాలి. పెట్రోలు ట్యాంకు దగ్గరైతే దాన్ని దింపించాలి.