గట్టు తగాదాలో ఎప్పుడు తగ్గాలి? ఎలా తగ్గాలి?

పక్క చేను రైతు దున్నినప్పుడల్లా గట్టు కాస్త కాస్త కోసుకుంటున్నాడని మీ అనుమానం. ఆయనకూ మీ మీద అదే అనుమానం. ఇలాంటి తగాదాలో తగ్గడానికి కూడా ఒక వరస ఉంది.

1. ముందు కొలిపించండి

పట్టుబట్టినా, వదులుకున్నా కొలత తర్వాతే. పంట కోసి చేను ఖాళీ అయ్యాక మీసేవలో ఎఫ్-లైన్ దరఖాస్తు, అంటే సర్వేయర్‌తో హద్దులు కొలిపించే దరఖాస్తు, పెట్టండి. ఫీజు మీరే కట్టండి, అవతలివాళ్ల మాట కొంత మెత్తబడుతుంది. సర్వేయర్ వచ్చిన రోజు పక్క రైతు కూడా గట్టు మీద ఉండాలి. ఆయన లేకుండా పాతిన రాయి ఎన్నాళ్లు నిలబడుతుందో ఊళ్లో అందరికీ తెలుసు.

గట్టు జరిపింది మీరేనని తేలితే ఇక ఆలోచించకండి. సర్వేయర్ వెళ్లేలోపే ఒప్పుకుని, మీ ఖర్చుతో గట్టు వెనక్కి వేయించండి. వారం ఆగి ఒప్పుకుంటే భయపడి ఒప్పుకున్నారనే అనుకుంటారు.

2. పోయింది ఎంతో లెక్క వేయండి

200 అడుగుల గట్టు వెంట రెండేసి అడుగులు పోతే 400 చదరపు అడుగులు. సెంటు అంటే సుమారు 435 చదరపు అడుగులు, గుంట అంటే 1,089. అంటే పోయింది సెంటు కూడా కాదు. అందులో పండేది ఎంత, దాని కోసం వాయిదాలకు తిరిగితే అయ్యేది ఎంత? చాలామంది ఈ లెక్క వేయరు. వేస్తే కోపం నిలవదు మరి.

అదే రెండడుగులు ఊరి పక్క రోడ్డు వెంటైతే లెక్క మారిపోతుంది. అక్కడ తొందరపడి ఉదారం చూపించకండి. చేలోకి వెళ్లే బాట, నీళ్లొచ్చే కాలవ అసలే వదలకూడదు. నిరుడు ఒక అడుగు, ఈ ఏడు ఇంకో అడుగు జరిగే గట్టు దగ్గరా అంతే. అక్కడ మీరు తగ్గితే వచ్చే ఏడు మళ్లీ తగ్గాలి.

3. ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి

పెద్దమనుషుల ముందు "సరే, నువ్వే తిను పో" అని విసిరేస్తే భూమీ పోతుంది, మాటా పోతుంది. సాయంత్రం చేలో ఇద్దరే ఉన్నప్పుడు ఇలా అనొచ్చు: "అన్నా, ఆ మూల చింతచెట్టు దాకా నువ్వే దున్నుకో. రాయి మాత్రం సర్వేయర్ వేసిన చోటే ఉంచుదాం. కోతల టైంలో నా ట్రాక్టర్‌కు నీ చేలోంచి దారి ఇవ్వు." బదులుగా ఏదో ఒకటి అడగడం మంచిది. ఊరికే తీసుకున్నాననే చిన్నతనం ఆయనకు ఉండదు. ఆ తర్వాత పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఈ ఊసెత్తకండి. మీ ఇంట్లోవాళ్లకూ చెప్పండి, తగాదా మళ్లీ లేచేది ఎక్కువగా అక్కడే.

4. కాగితం రాసుకోండి

నోరు మూసుకుని వదిలేయడం వేరు, ఇష్టపడి ఇవ్వడం వేరు. మీరు అభ్యంతరం చెప్పకుండా ఊరుకుంటే, ఆ భూమి తనదేనంటూ 12 ఏళ్లు బాహాటంగా అనుభవించినవాడు 1963 నాటి కాలపరిమితి చట్టం ఆసరాగా హక్కు అడగొచ్చు. మీ అనుమతితోనే దున్నుకుంటున్నాడని కాగితం ఉంటే ఆ వాదన నిలవడం కష్టం. శాశ్వతంగా ఇచ్చేయాలనుకుంటే తెల్లకాగితం చాలదు, రిజిస్ట్రేషన్ చేయించాలి.

కేసు ఇప్పటికే కోర్టులో ఉంటే లోక్ అదాలత్‌లో రాజీ పడొచ్చు. కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది. అక్కడి అవార్డుకు, అంటే రాజీ తీర్పుకు, సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. దాని మీద అప్పీలు ఉండదు కాబట్టి సంతకం పెట్టేముందు సర్వే నంబరు, హద్దులు, స్కెచ్ అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో ఇద్దరూ కూర్చుని చదువుకోండి.