గైడ్ గారి సైటేషన్ల లెక్క చూడటం ఎలా: వైజాగ్‌లో సప్లై చైన్ పీహెచ్‌డీ అనుకునేవాళ్లకి

ఆంధ్రా యూనివర్సిటీలోనో, గీతంలోనో, గంభీరం ఐఐఎంలోనో సప్లై చైన్ మీద, ఇన్వెంటరీ (సరుకు నిల్వ) మీద పీహెచ్‌డీ చేద్దామనుకునేవాళ్లు ముందు చేసే పని, గూగుల్ స్కాలర్‌లో గైడ్ పేరు కొట్టి కుడిపక్కన కనిపించే పెద్ద సైటేషన్ల అంకె, అంటే ఆయన పేపర్లను వేరే పేపర్లలో ఎన్నిసార్లు ప్రస్తావించారన్న లెక్క, చూసి ఫ్లాట్ అయిపోవడం. ఆ అంకె అబద్ధం కాదు. కానీ దాన్ని విప్పి చూడకపోతే మీకు తెలిసేది ఏమీ లేదు.

ముందు ఆ పేపర్లన్నీ ఆయనవేనా చూడండి. మన పేర్లతో ఇదో తలనొప్పి: ఇంటిపేరు ఒక్క అక్షరంగా మారి ముందో వెనకో చేరుతుంది, చివర రావు ఉన్నవాళ్లు వేలల్లో ఉంటారు, అందుకని ఇన్వెంటరీ గురించి రాసే మనిషి ఖాతాలో చేపల రోగాల మీద పేపర్ కూడా కనిపించొచ్చు. ఆర్కిడ్ (ORCID) నంబర్, అంటే ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఉంటే దానితో సరిచూసుకోండి.

తర్వాత హెచ్-ఇండెక్స్. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త పెట్టిన లెక్క ఇది. ఒకరివి ఐదు పేపర్లు ఉండి వాటికి 40, 12, 6, 4, 1 సైటేషన్లు వచ్చాయనుకోండి, కనీసం నాలుగేసి వచ్చినవి నాలుగున్నాయి కాబట్టి హెచ్ 4. పదీ ఆపైన సైటేషన్లు వచ్చినవి రెండే, అంటే ఐ10-ఇండెక్స్ రెండు. వయసుతో ఇది పెరుగుతుందే తప్ప తగ్గదు, కాబట్టి ఇరవై ఏళ్లుగా రాస్తున్నవాళ్లతో నిన్నగాక మొన్న చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని పోల్చకండి. వైద్యం, ఫిజిక్స్ వాళ్లతో అసలే వద్దు.

అసలు సంగతి పేపర్ కింద ఉన్న 'సైటెడ్ బై' నొక్కితే బయటపడుతుంది. కాస్త ఓపిక పట్టి ఇక్కడే టైమ్ పెట్టండి. పాడైపోయే సరుకు నిల్వ మీద ఘరే, ష్రేడర్ 1963లో ఒక మోడల్ ఇచ్చారు, అప్పు మీద సరుకు తీసుకున్నప్పటి లెక్కను గోయల్ 1985లో రాశారు. ఈ రెండింటి మీద ఇప్పటికీ పేపర్లు పుడుతూనే ఉన్నాయి: ఒకరు ద్రవ్యోల్బణం చేరుస్తారు, ఇంకొకరు ఫజ్జీ (కచ్చితంగా తెలియని అంకెలతో వేసే లెక్క) అంటారు, అందరూ ఒకరినొకరు సైట్ చేసుకుంటారు, పెళ్లి చదివింపుల్లాగా. చివర్లో ఊహించి వేసుకున్న అంకెలతో ఒక న్యూమరికల్ ఎగ్జాంపుల్, అంతే. మన ఫిషింగ్ హార్బర్ పక్కన రొయ్యల కోల్డ్ స్టోరేజీలు ఉండగా అక్కడి డేటా ఒక్క రోజుదైనా తీసుకోకపోవడం నాకు మాత్రం మింగుడుపడదు. 'సెర్చ్ వితిన్ సైటింగ్ ఆర్టికల్స్' టిక్ పెట్టి ఇంగ్లిష్‌లో కేస్ స్టడీ అని కొట్టండి, నిజంగా ఎక్కడైనా వాడారా అన్నది కొంత తేలుతుంది. ఒక నాలుగైదు పేపర్లు తెరిచి ఆయన పేరు ఎక్కడ వచ్చిందో కూడా చూడండి. పరిచయంలో బ్రాకెట్లో పదిమందితో కలిపి పెట్టారా, లేక ఆయన సమీకరణం మీద నిలబడి ముందుకెళ్లారా?

సొంత సైటేషన్లు స్కాలర్‌లో విడిగా కనపడవు. యూనివర్సిటీ ద్వారా స్కోపస్ (డబ్బు కట్టి వాడే సైటేషన్ల డేటాబేస్) లాగిన్ ఉంటే అక్కడ తీసేసి చూడొచ్చు. స్కోపస్‌లో అంకె మామూలుగా తక్కువే వస్తుంది, కంగారుపడకండి, స్కాలర్ థీసిస్‌లు, స్కోపస్‌లోకి ఎక్కని కాన్ఫరెన్స్ పేపర్లు కూడా లెక్కేస్తుంది.

ఏడాదివారీ గ్రాఫ్‌లో 2020 తర్వాత ఒక్కసారిగా లేస్తే కోవిడ్ సంగతి గుర్తుంచుకోండి, సరఫరా తెగిపోవడం మీద రాసినవాటికి అప్పుడు గిరాకీ వచ్చింది. రివ్యూ పేపర్లకీ మామూలుగానే ఎక్కువ వస్తాయి.

తక్కువ అంకె ఉందని కొట్టిపారేయకండి కూడా. ఒక్కసారికి ఎంత సరుకు ఆర్డర్ పెడితే ఖర్చు తక్కువో చెప్పే ఈఓక్యూ సూత్రం రాసింది ఫోర్డ్ హ్యారిస్, 1913లో. ఆ అసలు వ్యాసం ఎక్కడుందో చాలాకాలం ఎవరికీ సరిగ్గా తెలియలేదు, పేరేమో తర్వాత దాన్ని వాడకంలోకి తెచ్చిన విల్సన్‌కి పోయింది, 1990లో ఆపరేషన్స్ రీసెర్చ్ పత్రిక మళ్లీ అచ్చువేసింది. ఇవాళ గోడౌన్లలో ఆ సూత్రం వాడేవాళ్లు ఎవరినీ సైట్ చేయరు కదా.

ఇక గైడ్ దగ్గర చేసినవాళ్ల థీసిస్‌లు శోధ్‌గంగలో (మన యూనివర్సిటీల థీసిస్‌లు ఉంచే వెబ్‌సైట్) వెతికి, అందులోంచి పేపర్లు వచ్చాయో లేదో, వస్తే స్టూడెంట్ పేరు ముందుందో లేదో చూడండి. అప్లికేషన్‌లో సైటేషన్ల అంకె రాయాల్సి వస్తే ఏ సైట్, ఏ తేదీ అన్నది పక్కనే రాయండి, ఎందుకంటే స్కాలర్ డూప్లికేట్లు కలిపేస్తే అంకె తగ్గొచ్చు కూడా.