మే నెల ఐపీఎల్ లెక్కలు: నెట్ రన్ రేట్ మీరే కట్టుకోవడం ఎలా

మే రెండో వారం వచ్చిందంటే ఐపీఎల్ అభిమానులందరిదీ ఒకటే ప్రశ్న: మనవాళ్లు ప్లేఆఫ్స్‌కి వెళ్తారా, లేదా? టీవీలో ఏదో శాతం చూపిస్తారు, వాట్సాప్‌లో ఇంకేదో తిరుగుతుంది. రెండూ పక్కన పెట్టండి. కాగితం, పెన్ను, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంటే పది నిమిషాల్లో తేలిపోయే లెక్క ఇది. ఒకసారి చేతికి అలవాటైతే, ఓడిపోతున్న మ్యాచ్‌లో చివరి రెండు ఓవర్లు కూడా ఎందుకు చూడాలో తెలుస్తుంది.

ముందు పాయింట్లు. పది జట్లు, ఒక్కో జట్టుకు 14 లీగ్ మ్యాచ్‌లు. గెలిస్తే 2, ఫలితం తేలకపోతే చెరో 1. పై నాలుగు జట్లు ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి. నెట్ రన్ రేట్ అంటే ఓవర్‌కు సగటున కొట్టిన పరుగుల్లోంచి ఇచ్చిన పరుగులు తీసేస్తే మిగిలేది. అది ఎంత బాగున్నా పాయింట్ల తర్వాతే దాని వంతు. 2023లో ముంబై మైనస్ 0.044తోనే నాలుగో స్థానం పట్టింది. ప్లస్ 0.148 ఉన్న రాజస్థాన్, ప్లస్ 0.135 ఉన్న బెంగళూరు ఇంటికెళ్లాయి. ముంబైకి 16 పాయింట్లు, ఆ రెండింటికీ 14. పాయింట్లు సమానమైన చోటే రన్ రేట్ కత్తి దిగుతుంది. అయితే అది దాదాపు ప్రతి ఏడాదీ ఎక్కడో ఒకచోట దిగుతూనే ఉంటుంది.

కాగితం మీద గడులు

జట్టు పేరు రాసి కింద నాలుగు గడులు గీయండి: కొట్టిన పరుగులు, ఆడిన బంతులు, ఇచ్చిన పరుగులు, వేసిన బంతులు. ఓవర్లు రాయకండి, బంతులే రాయండి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. 18.3 ఓవర్లంటే 18 ఓవర్ల 3 బంతులు. ఓవర్‌కు ఆరు బంతులు కాబట్టి పద్దెనిమిదిన్నర ఓవర్లు, అంటే 111 బంతులు. క్యాలిక్యులేటర్‌లో 18.3 అని కొడితే ఓవర్‌లో ఐదో వంతు మాయమవుతుంది, జవాబు తేడా కొడుతుంది.

రెండో నియమం ఆలౌట్. జట్టు ఎన్ని ఓవర్లకు కుప్పకూలినా పూర్తి 120 బంతులు ఆడినట్టే రాయాలి. 2024లో హైదరాబాద్ చెన్నైలో 18.5 ఓవర్లలో 134కి ఆలౌటైంది. గడిలో పడాల్సింది 113 కాదు, 120. ఈ నియమం లేకపోతే తొందరగా ఔటైన జట్టుకే లాభం. 2023లో జైపూర్‌లో రాజస్థాన్ 10.3 ఓవర్లలో 59కే ఆలౌటైంది. ఆడిన బంతులతో భాగిస్తే ఓవర్‌కు 5.62 వస్తుంది, నియమం ప్రకారం 2.95. ఆ ఒక్క మ్యాచ్‌తో బెంగళూరు రన్ రేట్ మైనస్ 0.345 నుంచి ప్లస్ 0.166కి ఎగిరింది.

ఇక సూత్రం. కొట్టిన మొత్తం పరుగుల్ని ఆడిన మొత్తం బంతులతో భాగించి 6తో గుణించండి. ఇచ్చిన పరుగులకూ అదే చేయండి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేయండి. అంతే.

నిజమైన అంకెలతో చూద్దాం. 2024లో తొలి 11 మ్యాచ్‌లయ్యేసరికి సన్‌రైజర్స్ హైదరాబాద్ 1309 బంతుల్లో 2223 పరుగులు కొట్టింది, 1299 బంతుల్లో 2220 ఇచ్చింది. 10.189 లోంచి 10.254 తీసేస్తే మైనస్ 0.065. మే 8న ఉప్పల్‌లో లక్నో 20 ఓవర్లలో 165 చేసింది. హెడ్, అభిషేక్ శర్మ వికెట్ పడకుండా 9.4 ఓవర్లలో, అంటే 58 బంతుల్లో 167 బాదేశారు. ఇప్పుడు గడుల్లో కొట్టినవి 2390 పరుగులు, ఆడినవి 1367 బంతులు. ఇచ్చినవి 2385 పరుగులు, వేసినవి 1419 బంతులు. 10.490 లోంచి 10.085 పోతే ప్లస్ 0.405, పూర్తి దశాంశాలతో చేస్తే 0.406.

ఇదే మ్యాచ్‌ను చాలామంది తప్పుగా ఎలా కడతారో చూడండి. ఆ మ్యాచ్‌లో హైదరాబాద్ రేటు 17.28, లక్నోది 8.25, తేడా 9.03. పాత మైనస్ 0.065ను 11తో గుణించి, దానికి 9.03 కలిపి, 12తో భాగిస్తారు. 0.69 వస్తుంది. అసలుకూ దానికీ పొంతనే లేదు. హైదరాబాద్ ఆడింది 58 బంతులే కాబట్టి ఆ 17.28కి సీజన్ మొత్తంలో బరువు తక్కువ. మ్యాచ్‌వారీ తేడాల సగటు నెట్ రన్ రేట్ కాదు. పరుగులూ బంతులూ మొత్తాలుగా కలిపాకే భాగించాలి.

గడులు లేనప్పుడు అడ్డదారి

పదకొండు స్కోరుకార్డులు వెతికే ఓపిక అందరికీ ఉండదు. పట్టికలో ఉన్న రన్ రేట్‌తోనే దగ్గరి జవాబు రాబట్టొచ్చు. మొదట బ్యాటింగ్ చేసి గెలిస్తే, పాత రన్ రేట్‌ను ఆడిన మ్యాచ్‌లతో గుణించండి, గెలిచిన తేడాను 20తో భాగించి కలపండి, మొత్తాన్ని కొత్త మ్యాచ్‌ల సంఖ్యతో భాగించండి. ఓడితే కలపడానికి బదులు తీసేయండి. వర్షంతో రద్దయిన మ్యాచ్‌ను ఈ సంఖ్యలో లెక్కపెట్టకూడదు. ఇది మర్చిపోతే లెక్క మొత్తం పక్కకు పోతుంది.

2024 మే 18, చిన్నస్వామి స్టేడియం. చెన్నైకి 14 పాయింట్లు, ప్లస్ 0.528. బెంగళూరుకు 12 పాయింట్లు, ప్లస్ 0.387. చెరో 13 మ్యాచ్‌లు అయ్యాయి. బెంగళూరు గెలిస్తే సమానం, కానీ ఎంత తేడాతో గెలవాలి? రెండింటి మధ్య దూరం 0.141. 13తో గుణిస్తే 1.83. గెలిచిన ప్రతి పరుగూ బెంగళూరును పైకి, చెన్నైని కిందికి ఒకేసారి కదుపుతుంది కాబట్టి సగం చాలు: 0.917. దాన్ని 20తో గుణిస్తే 18.3. ఆ రోజు అందరి నోటా ఉన్న అసలు అంకె 18. అడ్డదారి ఒక్క పరుగు లోపే తప్పింది. అంతకుముందు ఛేజింగ్‌లు ముందే ముగియడం వల్ల జట్లు ఆడిన ఓవర్లు సరిగ్గా 13 ఇరవైలు కాకపోవడమే ఆ చిన్న తేడాకు కారణం.

బెంగళూరు 218 కొట్టింది. చెన్నై గెలుపు టార్గెట్ 219, ప్లేఆఫ్స్ టార్గెట్ 201. చివరి ఓవర్లో గెలవడానికి 35 కావాలి, ముందుకెళ్లడానికి 17 చాలు. యశ్ దయాల్ మొదటి బంతికి ధోని సిక్సర్ కొట్టాడు, రెండో బంతికి ఔటయ్యాడు, చెన్నై 191 దగ్గర ఆగిపోయింది. 201 అనే అంకె తెలియనివాళ్లకు అది 27 పరుగుల మామూలు ఓటమి.

ఛేజింగ్‌కు అడ్డదారి కాస్త వేరు. మిగిల్చిన ఒక్కో బంతి ఎన్ని పరుగులకు సమానమో తెలియాలి. ఆ మ్యాచ్ రేటును కాదు, మీ జట్టు సీజన్ సగటు రేటును 6తో భాగించండి. ఓవర్‌కు 9 అయితే బంతికి ఒకటిన్నర. అవతలి జట్టు 160కి జవాబుగా 161ని 16 ఓవర్లలో కొడితే మిగిలిన 24 బంతులకు 36, పైనున్న 1 కలిపి 37 పరుగుల గెలుపుతో సమానం. ఉప్పల్ మ్యాచ్ మీద పరీక్షించండి: 62 బంతులు మిగిలాయి, సగటు పదికి కాస్త పైన కాబట్టి బంతికి 1.7, అంటే 105, పైన 2. మొత్తం 107 పరుగుల గెలుపు. అడ్డదారిలో 0.39 వస్తుంది, అసలు 0.406. ఇంత దగ్గరగా వస్తే చాలదా?

ఆ 107 ఊరికే పోలేదు. సీజన్ చివర్లో హైదరాబాద్, రాజస్థాన్ రెండూ 17 పాయింట్లతో నిలిచాయి. హైదరాబాద్ ప్లస్ 0.414తో రెండోది, రాజస్థాన్ ప్లస్ 0.273తో మూడోది. లక్నో మీద అదే మ్యాచ్ చివరి ఓవర్లో గెలిచుంటే హైదరాబాద్ రేటు సున్నా దగ్గర ఉండేది, స్థానాలు తారుమారయ్యేవి. రెండో స్థానంలో ఉండబట్టే మొదటి క్వాలిఫయర్‌లో కోల్‌కతా చేతిలో ఓడినా ఇంకో అవకాశం దక్కి ఫైనల్ దాకా వెళ్లింది. మూడో స్థానమైతే ఎలిమినేటర్, ఒక్క ఓటమితో కథ ముగిసేది. గెలుపు ఖాయమయ్యాక మెల్లగా సింగిల్స్ తీసి ముగించే జట్లను చూస్తే ఒళ్లు మండేది ఇందుకే. 2019లో 12 పాయింట్లతో మూడు జట్లు సమానమైతే సన్‌రైజర్స్ ప్లస్ 0.577తో గట్టెక్కి ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. అందులో 0.42 దాకా మార్చి 31న ఉప్పల్‌లో బెంగళూరును 118 పరుగుల తేడాతో ఓడించిన ఒక్క మ్యాచ్ పుణ్యమే. రన్ రేట్ గురించి మేలో ఆలోచించేవాళ్లు అప్పటికే ఆలస్యమైనట్టు.

గెలుపు షాట్ మీద ఇంకో లెక్క

జట్ల డగౌట్లే బోల్తాపడిన చోటు ఇది. టార్గెట్ 190 అయితే జట్టు 190 దగ్గరే ఆగాలని లేదు. స్కోర్లు సమానమయ్యాక ఫోర్ కొడితే 193, సిక్సర్ కొడితే 195. పరుగులు పెరిగితే గడువు బంతులూ పెరుగుతాయి. 2014 మే 25న వాంఖడేలో ప్లేఆఫ్స్‌కి వెళ్లాలంటే రాజస్థాన్ మీద ముంబై 190ని 14.3 ఓవర్లలో కొట్టాలి. సరిగ్గా ఆ బంతికి గెలుపు పరుగు కోసం వెళ్లి మన గుంటూరు కుర్రాడు అంబటి రాయుడు రనౌటయ్యాడు. స్కోరు 189. అయిపోయిందనుకున్నారు, కానీ తర్వాతి బంతికి బౌండరీ వస్తే సరిపోతుందని లెక్క తేలింది. ఆదిత్య తారే ఫాక్‌నర్ బంతిని స్టాండ్స్‌లోకి పంపాడు.

2023 ఆసియా కప్‌లో లాహోర్‌లో శ్రీలంక మీద అఫ్గానిస్తాన్‌కు ఈ కబురు అందలేదు. ముందుకెళ్లాలంటే 292ని 37.1 ఓవర్లలో కొట్టాలనే వాళ్లకు తెలుసు. ఆ బంతికి ముజీబ్ ఔటయ్యాక ఆశ పోయిందనుకున్నారు. 37.4కల్లా 295 చేసినా చాలు, అంటే ఒక సిక్సర్ దూరం. ఫరూఖీ బంతులు ఆపుతూ కూర్చున్నాడు, అవతలి ఎండ్‌లో రషీద్ ఖాన్ నిలబడి చూశాడు, 289కి ఆలౌట్. కాబట్టి కాగితం మీద ఛేజింగ్ గడువు ఒక్కటే రాయకండి. టార్గెట్‌కు ఒకటి, టార్గెట్‌కు 5 కలిపి ఇంకొకటి రాసుకోండి. ఐపీఎల్ రేట్లలో ఈ రెండింటి మధ్య సుమారు మూడు బంతుల తేడా ఉంటుంది.

వర్షం సంగతి రెండు ముక్కల్లో. పూర్తిగా రద్దయితే పాయింట్ పంచుకుంటారు, రన్ రేట్ కదలదు. ఓవర్లు తగ్గినప్పుడు టార్గెట్‌ను సరిచేసే డక్‌వర్త్-లూయిస్ పద్ధతితో టార్గెట్ మారితే మొదట ఆడిన జట్టు అసలు స్కోరు పక్కకు పోతుంది. కొత్త టార్గెట్‌కు ఒకటి తక్కువ పరుగులు, రెండో జట్టుకు ఇచ్చిన ఓవర్లు మొదటి జట్టు గడిలో రాయాలి. 2023 ఫైనల్లో గుజరాత్ 214 కొట్టాక చెన్నైకి 15 ఓవర్లలో 171 ఇచ్చారు. అదే లీగ్ మ్యాచ్ అయితే గుజరాత్ గడిలో 90 బంతులకు 170 పడేది. స్కోర్లు సమానమైనప్పుడు ఆడించే సూపర్ ఓవర్ పరుగులు ఏ గడిలోనూ రావు.

ఎవరు గెలవాలని కోరుకోవాలి

ప్రతి జట్టుకూ గరిష్ఠ పాయింట్లు రాయండి: ఉన్నవి, మిగిలిన మ్యాచ్‌లకు రెండేసి. తర్వాత పోటీ జట్లు తమలో తాము ఆడుకునే మ్యాచ్‌లకు గుర్తు పెట్టండి. అక్కడ ఇద్దరూ గరిష్ఠం చేరడం కుదరదు. చాలామంది మర్చిపోయేది ఇదే, అందుకే లేని భయాలు పుడతాయి. ‘14 చాలు’, ‘16 ఉంటే భద్రం’ లాంటి మాటలు ఏటికేడు మారతాయి. 2024లో 14తో బెంగళూరు వెళ్లింది, 2022లో అదే 14తో ఢిల్లీ ఆగిపోయింది. ఆ ఏడాది బెంగళూరు 16 పాయింట్లతో, మైనస్ 0.253తో బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే, మే 21న పట్టికలో అట్టడుగున ఉన్న ముంబై ఢిల్లీని ఓడించి గట్టెక్కించింది. బెంగళూరు అభిమానులు ఆ రాత్రి ముంబైకి జేజేలు కొట్టారంటే తప్పేముంది?

ఒక ఫిర్యాదు మాత్రం ఉంది. చివరి లీగ్ మ్యాచ్‌లు సాధారణంగా ఒకదాని తర్వాత ఒకటి పెడతారు కాబట్టి, తర్వాత ఆడే జట్టుకు తనకు ఎంత కావాలో ముందే తెలుస్తుంది. 1982 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా సరిగ్గా ఆ వెసులుబాటు వాడుకుని అల్జీరియాను బయటికి పంపాక, 1986 నుంచి గ్రూప్ ఆఖరి మ్యాచ్‌లను ఒకే సమయంలో మొదలుపెడుతున్నారు. ఐపీఎల్‌కు టీవీ ప్రేక్షకులు ముఖ్యం కాబట్టి అది ఇక్కడ ఇప్పట్లో ఏటా పాటించే అలవాటవుతుందని అనుకోను.

అందుకే ఆఖరి మ్యాచ్ రోజు టాస్ ఏడింటికైతే, ఆలోపే మూడు అంకెలు రాసి పెట్టుకోండి: 200 కొడితే ఎంత తేడాతో గెలవాలి, 201 ఛేజ్ చేస్తే ఏ బంతికల్లా, సిక్సర్‌తో ముగిస్తే ఏ బంతికల్లా. మొదటి ఇన్నింగ్స్ స్కోరు 200 కాక 160 అయితే పరుగుల తేడా పెద్దగా మారదు, బంతుల అంకె మాత్రం ఒకటో రెండో జరగొచ్చు. విరామంలో అదొక్కటి సరిచూసుకుంటే చాలు.