రిపోర్టు చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: వీడీఆర్ఎల్ పక్కన ఉన్న అంకె

సిఫిలిస్ (లైంగికంగా సోకే ఒక బ్యాక్టీరియా జబ్బు) తొలి పుండుకు నొప్పి ఉండదని, 3 నుంచి 6 వారాల్లో దానంతటదే మానిపోతుందని కిందటి పాఠంలో చెప్పుకున్నాం. మానింది పుండే, జబ్బు కాదు. తర్వాత అరచేతుల్లో, అరికాళ్లలో దద్దుర్లు రావచ్చు, అవీ పోతాయి. ఆపైన ఏళ్ల తరబడి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. మందు వాడకపోతే కొందరిలో చాలా ఏళ్లకు గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం దెబ్బతింటుంది. మెదడుకు, కళ్లకు మాత్రం ఏ దశలోనైనా ముప్పు రావచ్చు. పైకి ఏమీ కనిపించని ఆ కాలంలో జబ్బును పట్టించేది రక్తపరీక్షే.

రిపోర్టులో మామూలుగా రెండు పరీక్షల పేర్లుంటాయి: వీడీఆర్ఎల్, టీపీహెచ్ఏ. వీడీఆర్ఎల్ నేరుగా ఆ బ్యాక్టీరియా కోసం వెతకదు. కార్డియోలిపిన్ అనే కొవ్వు పదార్థానికి ఎదురుగా పుట్టిన యాంటీబాడీలను చూస్తుంది. అందుకే గర్భంతో ఉన్నా, లూపస్ (రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు) ఉన్నా, ఈ జబ్బు లేకుండానే పాజిటివ్ రావచ్చు. ఆ ఒక్క ముక్క చూసి ఇంట్లో గొడవ పెట్టుకోకండి, ముందు రెండోది చూడండి. టీపీహెచ్ఏ ఆ బ్యాక్టీరియాకే ఎదురైన యాంటీబాడీలను పడుతుంది. ఇది ఒకసారి పాజిటివ్ అయితే, జబ్బు నయమైనా చాలామందిలో జీవితాంతం అలాగే ఉంటుంది.

ఇక అంకె. 1:8 అంటే రక్తంలోని సీరమ్‌ను 8 రెట్లు పలచన చేసినా పరీక్షలో స్పందన కనిపించిందని. 2, 4, 8, 16, 32... ఇలా రెట్టింపవుతూ పోయే మెట్లు ఇవి. ఒక్క మెట్టు తేడాను పట్టించుకోనక్కర్లేదు, పరీక్షలో అంత అటూఇటూ మామూలే. రెండు మెట్లు, అంటే నాలుగు రెట్లు మారితేనే లెక్క. పోల్చేటప్పుడు రెండుసార్లూ ఒకే పరీక్ష అయి ఉండాలి, కుదిరితే ఒకే ల్యాబ్. వీడీఆర్ఎల్ అంకెను, అలాంటిదే మరో పరీక్ష అయిన ఆర్‌పీఆర్ అంకెతో పోల్చకూడదు.

ఇంకో మెలిక: జబ్బు సోకిన తొలి వారాల్లో రెండు పరీక్షలూ నెగెటివ్ రావచ్చు. అనుమానం గట్టిగా ఉంటే డాక్టర్ మళ్లీ చేయిస్తారు.

అభ్యాసం: ఒకరికి వీడీఆర్ఎల్ 1:64, టీపీహెచ్ఏ పాజిటివ్. పెన్సిలిన్ ఇంజెక్షన్ తీసుకున్నారు. ఏడాది తర్వాత వీడీఆర్ఎల్ 1:8, టీపీహెచ్ఏ మళ్లీ పాజిటివే. 'ఇంకా తగ్గలేదా?' అని ఆయనకు టెన్షన్. ఎన్ని మెట్లు దిగిందో లెక్కపెట్టి, ఆయనకేం చెబుతారో రెండు వాక్యాల్లో రాయండి.